తద్దినం నాటి గురి

నగరంలో బెడదగా మారిన కాకుల్ని కాల్చడం హరిదాస్ ఉద్యోగం. నాన్న తద్దినమని సెలవడిగినా ఇవ్వలేదు. పొద్దున్నే షూటింగ్ రేంజ్‌లో గురి అట్టమీద పదకొండుసార్లు కాలిస్తేగానీ, ఎడమకు పోతున్న షాట్‌గన్ గురి దారికి రాలేదు.

సలుపుతున్న భుజంతో వుడ్‌ల్యాండ్స్‌లోని తన ఫ్లాట్‌కి చేరి, స్నానం చేసి, కింద గడ్డిమీద పిండం పెట్టాడు. గంట గడిచింది. చెట్టుమీది కాకులు అతణ్ణే చూస్తున్నాయి తప్ప ఒక్కటీ దిగలేదు.

"రా నాన్నా, నాకింక ఓపిక లేదు," అన్నాడు నీరసంగా.

భార్య శర్మిల నెమ్మదిగా చెప్పింది. "అవి మీ మొహం గుర్తుపట్టినాయి. మీరు పైకి పోండి, నేనుంటా."

అతను లిఫ్ట్ ఎక్కాడో లేదో, వెనక రెక్కల చప్పుడైంది.

"మామయ్య వచ్చేశారండీ!" అని శర్మిల అరిచింది.

హరిదాస్ తిరిగి చూడకుండా లిఫ్ట్ మీట నొక్కాడు.