ఎదురు షాపు

మా ఆయనకి ఇంటర్నెట్‌లో శత్రువులు ఎక్కువ, షాపులో బేరాలు తక్కువ. మొదటిదాని వల్లే రెండోది అని ఎన్నోసార్లు చెప్పి చూశాను. చెవిన పెట్టలేదు. వినే ఓపిక ఉన్నవాళ్ళు వాదనల జోలికి ఎందుకు పోతారు?

మాది కళ్ళజోళ్ళ షాపు. వీధి మలుపు దగ్గర, చెప్పుల షాపు పక్కన. నేను కళ్ళు పరీక్ష చేసి పవరు రాస్తాను, ఆయన అద్దాలు కోసి ఫ్రేములో బిగిస్తాడు. ఇద్దరం ఈ విద్య ఒకే చోట నేర్చుకున్నాం. ప్రేమ గుడ్డిదంటారు గానీ, మేం ఒకరి కళ్ళు ఒకరు పరీక్ష చేసుకున్న తర్వాతే పెళ్ళి చేసుకున్నాం.

ఆయన ఆన్‌లైన్ పేరు "స్వేచ్ఛాజీవి". పెద్ద చర్చావేదిక ఒకటుంది, అందులో ప్రభుత్వం ఎక్కడ వేలు పెట్టినా ఈయన అక్కడ ప్రత్యక్షం. మొగుడని పొగడటం కాదు గానీ, రాసేది బాగానే రాస్తాడు. వానాకాలంలో గొడుగుల ధర పెంచినవాళ్ళని జైల్లో వెయ్యాలని "పిడికిలి" అనే పెద్దమనిషి ఒకాయన రాస్తే, మా ఆయన ఇలా జవాబిచ్చాడు: "ధర పెరగనివ్వకపోతే ముందొచ్చినవాడు ఇంటిల్లిపాదికీ కొనుక్కుపోతాడు. ఆఖర్న వచ్చినవాడికి తడవడమే గతి. పెరగనిస్తే ముందొచ్చినవాడు ఒక్కదానితో సర్దుకుంటాడు, పక్క ఊరి గొడుగులవాడు బండెక్కి పరిగెత్తుకొస్తాడు." మరి చేతిలో డబ్బు లేనివాడి మాటేమిటని పిడికిలి అడిగాడు. దానికి మా ఆయన దగ్గర ఒక జవాబుంది, ఆ జవాబుకి పిడికిలి దగ్గర ఒక తిట్టుంది. అలా వాన వెలిసినా వాళ్ళ గొడవ వెలవలేదు.

బయట ఇంత స్వేచ్ఛా? షాపులో మాత్రం అంతా రాజుగారి పాలన. పిల్లల ఫ్రేములు తెప్పిద్దామంటే "చూద్దాం". తొందరలో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి అప్పటికప్పుడే చేసిద్దామంటే "చూద్దాం". నా పనికి లెక్కేమిటని ఒకసారి అడిగాను. "అంతా మనదే కదే, నీది నాది అని ఏముంది?" అన్నాడు. సొంత ఆస్తి హక్కు గురించి లోకానికి పాఠాలు చెప్పే మనిషి నోట ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయినా సర్దుకుపోయేదాన్నేమో, లెక్కల మాస్టారి సంగతి జరగకపోతే.

మాస్టారు పెద్దవారు, రిటైరయ్యారు. కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళి, రెండ్రోజులకే గోడ పట్టుకుంటూ తిరిగొచ్చారు.

"అమ్మాయ్, మెట్టు ఒకచోట ఉంటే నా కాలు ఇంకోచోట పడుతోంది. కళ్ళు పోయాయంటావా?"

కళ్ళజోడు తీసుకున్నాను. పవరు చూసే మిషన్లో పెట్టి చూశాను. కుడికంటి పవరు ఎడమ వైపు, ఎడమకంటిది కుడి వైపు కోసి బిగించి ఉంది. మాస్టారి రెండు కళ్ళకీ చాలా తేడా. ఆ ముసలాయన మెట్ల మీంచి పడి ఉంటే మేం ఏ ముఖం పెట్టుకుని ఈ వీధిలో తిరిగేవాళ్ళం? అద్దాలు కోసిన రోజు మా ఆయన ఏం రాశాడో వెతికాను. "నిర్లక్ష్యంగా పనిచేసేవాడిని శిక్షించడానికి ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు, మార్కెట్టే శిక్షిస్తుంది" అని రాశాడు. ఒక చేత్తో అది రాస్తూ రెండో చేత్తో ఇది కోశాడన్నమాట.

ఆయన సిగ్గుపడి క్షమాపణ అడిగాడు, ఊరికే కొత్త అద్దాలు వేసిచ్చాడు. మాస్టారు మంచివారు, ఒక్క మాట తూలలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం నాతో అన్నారు: "ఈ వీధిలో ఇంకో షాపుంటే అక్కడికే వెళ్ళేవాణ్ణమ్మా. ఈ కాళ్ళతో అంత దూరం పోలేక మళ్ళీ మీ దగ్గరికే వచ్చాను."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మార్కెట్టు మా ఆయన్ని ఎలా శిక్షిస్తుంది, ఇంకో షాపంటూ లేకపోతే?

ఎదురుగా పుస్తకాల షాపు ఖాళీ అయి ఉంది. నేను సొంతంగా దాచుకున్న డబ్బు ఉంది. ఆ బిల్డింగు ఆయనతో మాట్లాడి వచ్చి, మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను.

"ఎదుటి షాపు తీసుకుంటున్నానండీ."

"గోడౌనుకా? మంచి ఆలోచనే."

"గోడౌనుకి కాదు. కళ్ళజోళ్ళ షాపు పెడతాను."

"మనకి ఉందిగా ఒకటి!"

"మీకుంది."

ఆయనకి పొలమారింది. మా అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపి, "తాగరా, తాగి మాట్లాడు" అన్నారు. మాట్లాడద్దని మాత్రం అనలేదు.

"మొగుడికే పోటీ వస్తావా?"

"పోటీ ఉంటే ఇద్దరూ బాగుపడతారని పోయిన వారమే రాశారు. జనం తెగ మెచ్చుకున్నారు కూడా."

"అది సిద్ధాంతం. ఇది సంసారం."

"సంసారం ఇంట్లోనే ఉంటుంది లెండి. రాత్రి భోజనానికి ఇక్కడికే వస్తాను."

ఇక్కడో తిరకాసుంది. మా వీధి వర్తకుల సంఘానికి ఎప్పటినుంచో ఒక కట్టుబాటు: ఒక వీధిలో ఒక పనికి ఒకటే షాపు. అదే పనికి రెండో షాపు రావాలంటే, పాత షాపు యజమాని సంఘం గ్రూపులో "అభ్యంతరం లేదు" అని రాయాలి. వద్దని రాయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు, వద్దన్నట్టే. ఆ మాట పడేదాకా బిల్డింగు ఆయన తాళం ఇవ్వడు. సంఘం పెద్ద మందుల షాపు పెద్దాయన. ఎందుకు పెద్దో వేరే చెప్పాలా? వీధిలో ఉన్న ఏకైక మందుల షాపు ఆయనదే.

ఇదే కట్టుబాటు మీద మా ఆయన ఆ వేదికలో ఎన్ని వ్యాసాలు దంచాడో లెక్కలేదు. "గేటు కావాలని అడిగేవాడు ఎప్పుడూ గేటు లోపల కూర్చున్నవాడే" అన్న మాట ఆయనదే. ఇప్పుడా మనిషి రాయాల్సింది రెండే రెండు ముక్కలు. పెద్దాయన నా షాపు సంగతి గ్రూపులో పెట్టాడు. అందరూ చదివారు. మా ఆయన కూడా చదివాడు. ప్రపంచంలో ఏ మూల ఏ పన్ను వేసినా నోరు మూతపడని మా ఆయన, మా వీధి గ్రూపులో నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాడు.

రోజులు గడిచాయి. నేను అడగలేదు. ఎందుకడగాలి? హక్కుని అడుక్కుంటే అది దయ అవుతుందని కూడా ఆయనే రాశాడు.

పెద్దాయన మా షాపుకొచ్చి, కొత్త ఫ్రేములు చూసే నెపంతో మా ఆయన భుజం తట్టి వెళ్ళాడు. "నువ్వు ఊరుకో బాబూ, చాలు. ఆడవాళ్ళ ఉత్సాహం నాలుగు రోజులుంటుంది." నేను లోపల పరీక్ష గదిలోనే ఉన్నాను. గోడమీది అక్షరాల బోర్డు ఊడదీసి ఆ పెద్దాయన నెత్తిన వెయ్యాలనిపించింది. మా ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ "కాదు" అనకపోవడమే నాకు నిజంగా కష్టం వేసింది. ఇన్నేళ్ళూ ఆయన వాదనలు చూసి విసుక్కున్నానే గానీ, ఆ మాటలు నమ్మి రాస్తున్నాడని మాత్రం నమ్మాను. అదీ ఉత్తదేనా?

ఆ మధ్యాహ్నం బేరాల్లేవు. ఆయన కౌంటరు దగ్గర ఫోనుతో, నేను ఈ పక్క స్టూలు మీద నా ఫోనుతో. ఆయన రాసే చర్చావేదికలోకి నేనూ వెళ్ళి "ఎదురు షాపు" అని పేరు పెట్టుకుని, ఆయన కొత్త వ్యాసం కిందే రాశాను: "అయ్యా, మా వీధిలో పాత షాపాయన నోరు తెరిచి సరే అంటే తప్ప కొత్త షాపు తెరవకూడదట. ఆయన స్వేచ్ఛ గురించి మహా గొప్పగా మాట్లాడతాడు. ఇప్పుడు మాత్రం ఉలకడు, పలకడు. ఏం చెయ్యమంటారు?"

మా ఆయన చదివాడు. తలెత్తి నావైపు చూశాడు. నేను కళ్ళజోళ్ళు తుడిచే బట్ట మడతపెడుతున్నాను.

ఆయన ఏదో టైపు చేసేలోపే ఆయన అభిమానులు అందుకున్నారు. "అలాంటివాడు నోటితో స్వేచ్ఛ, చేత్తో తాళం." "పోటీకి భయపడేవాడికి పని రాదని అర్థం." "స్వేచ్ఛాజీవి గారూ, ఇలాంటి పిరికిపందలకి మీరే గట్టిగా గడ్డి పెట్టాలి!" ఆఖరికి పిడికిలి కూడా వచ్చాడు. "మొదటిసారి స్వేచ్ఛాజీవి పక్షాన నిలబడుతున్నాను. ఆ పాత షాపువాడు దొంగ" అని రాశాడు.

శత్రువులూ మిత్రులూ కలిసి తనని తిడుతుంటే, ఆ తిట్టించుకునేది తనేనని చెప్పుకోలేక, మా ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఫోను బోర్లా పెట్టి షాపులోంచి బయటికెళ్ళి, ఎదురుగా ఉన్న ఖాళీ షాపు షట్టరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున నేను ఒకావిడకి పరీక్ష చేస్తుంటే జేబులో ఫోను ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ వెళ్ళాక తీసి చూశాను. వీధి గ్రూపులో మా ఆయన రాశాడు: "ఎదుటి కళ్ళజోళ్ళ షాపుకి నాకు అభ్యంతరం లేదు. అసలు నా అనుమతి అడగడమే తప్పు."

పెద్దాయన వెంటనే దిగాడు. "తొందరపడుతున్నావు. ఒకే వీధిలో ఒకే పనికి రెండు షాపులైతే ఇద్దరూ పస్తులుంటారు."

"పస్తుండేది ఎవరో కొనేవాళ్ళు తేలుస్తారు. మనం గ్రూపులో కూర్చుని తేల్చకూడదు."

"మరి నాణ్యత? నాసిరకం షాపులొస్తే జనం కళ్ళు ఏం కావాలి? ఈ కట్టుబాటు జనం మేలు కోసమే."

మా ఆయన ఫోను మీదికి ఇంకా వంగాడు. కౌంటరు దగ్గర ఆయన వీపు నాకు కనిపిస్తూనే ఉంది. తర్వాత వచ్చింది సందేశం.

"ఈ వీధిలో తప్పుడు కళ్ళజోడు ఇచ్చిన షాపు ఒకటే, అది నాది. లెక్కల మాస్టారికి కుడి ఎడమలు తారుమారు చేసి బిగించాను. ఫోను చూస్తూ చేశాను. మీ కట్టుబాటు అప్పుడు ఏం కాపాడింది? ఆయన్ని కాపాడలేదు, నన్ను కాపాడింది. వేరే షాపు లేదు కాబట్టి ఆయన మళ్ళీ నా దగ్గరికే రావాల్సి వచ్చింది. కట్టుకున్న మనిషి ఎదురు షాపు పెడుతుంటే నేను ఇన్నాళ్ళూ ఊరుకున్నది జనం మేలు కోసం కాదు. ఆవిడ నాకంటే బాగా నడుపుతుందన్న భయంతో."

చదివి నాకు ముందు ఒళ్ళు మండింది. షాపు పరువు వీధిలో పెట్టాడే అని. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత పెద్ద వేదికలో గెలిచిన ఏ వాదనలోనూ ఆయన ఒక్క పైసా నష్టపోలేదు. ఈ ఒక్క వాదన కోసం బేరాలన్నీ పణంగా పెట్టాడు. ఇలాంటివాడా నా మొగుడు అనుకున్నాను, ఈసారి మంచి అర్థంలో.

"పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోలేక సిద్ధాంతాలు చెబుతున్నాడు" అని పెద్దాయన రాశాడు. అది వాదనలో ఓడిపోయినవాడి మాట అని అందరికీ తెలిసిపోయింది. టైలరమ్మ రాసింది: "మా తోడికోడలు ఇక్కడే మిషను పెట్టుకుంటానంటే నేనే ఊరుకున్నాను. నాకూ అభ్యంతరం లేదు." తర్వాత చెప్పుల షాపతను తన తరఫున ఓ సరే రాశాడు, ఎవరికో ఏమిటో కూడా చెప్పలేదు. సాయంత్రానికి బిల్డింగు ఆయన తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇంటికెళ్తూ మా ఆయన అన్నాడు: "గెలిచాం కదా!"

"వాదన గెలిచారు. షాపు కూడా గెలుస్తారేమో చూద్దాం" అన్నాను, పొగరుగానే. గెలవలేడని నాకు గట్టి నమ్మకం.

నా షాపు తెరిచాను. మొదటి వారం బేరాలన్నీ నావే. పిల్లల ఫ్రేములు, కూర్చోబెట్టి అప్పటికప్పుడే చేసివ్వడం, అన్నీ అనుకున్నట్టే సాగాయి. ఎదుటి షాపులో మా ఆయన ఈగలు తోలుకుంటున్నాడు. జాలిపడ్డాను, ఒప్పుకుంటాను. జాలిలో కొంచెం సంతోషం కూడా కలిసింది.

ఆ తర్వాత మా అత్తగారికి కొత్త కళ్ళజోడు కావాల్సి వచ్చింది. ముందు కొడుకు షాపుకెళ్ళారు. తర్వాత రోడ్డు దాటి నా దగ్గరికొచ్చారు.

"వాడు ఇంతకిస్తానన్నాడు. నువ్వెంత తగ్గిస్తావ్?"

"అత్తయ్యగారూ, మీకూ బేరమేనా?"

"మీ ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు ఎవరు తగ్గించారే నాకు? ఇన్నాళ్ళకి నన్ను అడిగేవాళ్ళు దొరికారు."

తగ్గించాను. ఆవిడ మళ్ళీ రోడ్డు దాటారు. మళ్ళీ వచ్చారు. ఆ వయసులో అంత చురుగ్గా నడవడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి తిరిగి రాలేదు. కొడుకు దగ్గరే చేయించుకున్నారు.

రాత్రి భోజనాలయ్యాక ఆవిడ కళ్ళజోడు తీసి చూశాను. వంక పెడదామనే చూశాను. అద్దం అంచు ఎక్కడా గరుకు లేదు. ముక్కు మీద ఆనే బిళ్ళల్ని గుర్తు పడకుండా కొత్తగా వంచాడు. చెవి వెనక కొక్కెం ఆవిడ చెవికి అచ్చు పోసినట్టు సరిపోయింది. పెళ్ళికి ముందు శిక్షణలో నేను మనసు పడింది మనిషిని చూసి కాదు, ఇదిగో ఈ చేతి పని చూసి. ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపించింది.

"ఏమండీ, మీ స్వేచ్ఛాజీవి ఈమధ్య ఏమీ రాయడం లేదా?" అన్నాను.

"తీరిక లేదు" అన్నాడు మా ఆయన. "రేపట్నుంచి పిల్లల ఫ్రేములు నేనూ తెప్పిస్తున్నాను."

నాకు గర్వంగా అనిపించింది. ఆ వెంటనే నా బేరాలు పోతాయన్న భయమూ వేసింది. మర్నాడు ఆయన నిద్ర లేచేసరికే నా షట్టరు ఎత్తి ఉంది.