ఇంటిపేరు గడి

మెదక్‌లో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఓ ప్రైవేటు కేంద్రానికి టీచర్ కావలసి వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫారం తయారుచేసిన ప్రవీణ్‌కు దాని మీద మహా గర్వం. అన్ని గడులూ సరిగ్గా నింపితే తప్ప అడుగున ఉన్న ‘పంపండి’ బటన్ బూడిదరంగు వదలదు.

రషీదా పదహారేళ్లుగా బట్టలు కుడుతోంది. తమ్ముడు తాహెర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో ఫారం నింపించింది. అంతా రాసినా బటన్ వెలగలేదు.

“ఇంటిపేరు అడుగుతుంది ఆపా. ఖాళీ ఉంటే పోదంట.”

“మనకు ఇంటిపేరు యాడుంది? గీత పెట్టు.”

పెట్టాడు. ‘అక్షరాలు మాత్రమే’ అని ఎర్రగా వచ్చింది. తండ్రి పేరులోంచి ‘ఎ’ తీసి పెట్టాడు. ‘కనీసం రెండు అక్షరాలు’ అంది ఫారం.

రషీదాకు విసుగొచ్చింది. “ఉన్నదున్నట్టు చెప్పు. లేదు అని రాయి.”

రాశాడు. బటన్ ఆకుపచ్చగా వెలిగింది.

వారం తర్వాత ఇంటర్వ్యూకి పదకొండు మంది వచ్చారు. మేనేజర్ కౌసల్య జాబితా చూసి పిలిచింది.

“లేదు రషీదా!”

పక్కన హాజరు వేస్తున్న యాదలక్ష్మి, రషీదా రాలేదనుకుని గైర్హాజరు వేసేసింది.

“ఉన్న మేడమ్!” రషీదా గాభరాగా లేచింది. “ఈడనే ఉన్న. పొద్దుగాల తొమ్మిదింటికే వచ్చిన.”

కౌసల్య ప్రవీణ్‌ను పిలిపించింది. అతను కాగితం చూశాడు.

“ఫారం కరెక్టే మేడమ్. ఆమెనే తప్పు రాసింది.”

“తప్పెక్కడిది సార్? లేనిది లేదని రాసిన. మీ బటనే ఒప్పుకుంది.”

గదిలో అందరూ నవ్వారు, ప్రవీణ్ తప్ప. కౌసల్య ఒక గుడ్డ ముక్క, కత్తెర రషీదా ముందు పెట్టింది.

“అది తర్వాత చూసుకుందాం. జర బ్లౌజ్ కటింగ్ చేసి చూపెట్టుండ్రి.”

రషీదా పది నిమిషాల్లో కత్తిరించి, ముక్కలు వరుసగా పరిచింది. ఇంక ప్రశ్నలేమీ అడగలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇంటిపేరు తప్పనిసరి కాదని ఫారంలో మార్చడానికి ప్రవీణ్‌కు రెండు నిమిషాలు పట్టింది. అందుకు ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

ఆ మూడు రోజులూ రషీదా మిషను ముందు నుంచి లేవలేదు. కుడతానని ఒప్పుకున్న జాకెట్లు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. ఆదివారంలోగా అన్నీ ఇచ్చెయ్యాలి. కాలు మిషను మీద ఆడుతుంటే, మొదటి రోజు పాఠం ఏం చెప్పాలా అని తనలో తనే మాట్లాడుకుంటోంది.