పన్నెండో పేరు

ఈస్టరుకు ముందొచ్చే పవిత్ర గురువారం సాయంత్రం పూజలో, యేసు తన శిష్యులకు చేసినట్టే, ఫాదర్‌గారు పన్నెండుమందిని బల్ల మీద కూర్చోబెట్టి కాళ్లు కడుగుతారు. ఆ పేర్లు రాయడం వెంగయ్య పని. ఉదయగిరి పక్క ఊళ్లోని ఆ చిన్న కతోలిక గుడికి ఆయన ముప్పయ్యేళ్లుగా గంట కొట్టి, ప్రార్థనలు చెప్పించే ఉపదేశి. ఆత్మకూరు నుంచి వచ్చే ఫాదర్లు ఎందరు మారినా, ఆ జాబితాలో ఆడవాళ్ల పేరు ఎక్కలేదు.

ఏటా చివర కూర్చునే కామయ్య ఈ ఏడు తన కూతురి దగ్గరికి వెళ్లిపోవడంతో చివరి పేరు ఖాళీ పడింది. మధ్యాహ్నమే వచ్చిన ప్రశాంత్ ఫాదర్ అక్కడ "శీనమ్మ" అని రాసేశారు. శీనమ్మ వెంగయ్య భార్య.

"శిష్యులు మగోళ్లు గదా ఫాదర్! పాత ఫాదర్లంతా ఇట్లనే చేసినారు."

"ఆడవాళ్లనూ కూర్చోబెట్టొచ్చని పోపుగారు చెప్పి పదేళ్లవుతోంది, వెంగయ్యగారూ."

"రోములో ఆయన చెప్పినాడు సరే, ఈడ నవ్వేది నన్ను గదా!"

"అయితే పోపుగారి మాట కాదంటారా?"

కాదని వెంగయ్య ఎలా అంటాడు? ప్రతి ఆదివారం పోపుగారి కోసం ఊరి చేత ప్రార్థన చేయించేది తానే మరి. శీనమ్మే ఒప్పుకోదులే అనుకుంటూ ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు.

మేకలకు ఆకు వేస్తున్న శీనమ్మ ఆగిపోయింది. "నన్నా! బల్ల మీదా!" ముఖమంతా వెలిగింది. అంతలోనే కాళ్లు చీరలోకి లాక్కుంది.

"వద్దులేయ్యా. ఈ పగుళ్లు ఫాదర్‌కి చూపిచ్చేదా? నీ కాళ్లంటే ఏటా నేను ఇటికరాయేసి తోమి పంపిస్తా. నాయి ఎవురు తోముతారు?"

ఆ ఊళ్లో అంతే. ఫాదర్ ముందు మురికి కాళ్లు చాపడం సిగ్గని, పన్నెండుమందీ ఇంట్లోనే తోమించుకుని వెళతారు.

ఆమే వద్దంది. ఇంకో మగవాడి పేరు రాస్తే సరిపోతుంది. వెంగయ్య గడప దాకా వెళ్లాడు. ఆ వెలిగిన ముఖం కాలు కదలనివ్వలేదు. వెనక్కి వచ్చి, బకెట్టుతో నీళ్లూ ఇటుకముక్కా తెచ్చి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏందయ్యా ఇది! ఎవురన్నా చూస్తే?"

"చూడనీ. కాలియ్యి... ఇదేందే, లోపల ముల్లుండాది?"

"వానాకాలం నించీ ఉండాది."

"చెప్పలేదేమే?"

"నువ్వెప్పుడు అడిగినావు?"

వెంగయ్య తల వంచుకుని ముల్లు తీశాడు. తోముతుంటే నీళ్లు ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. అవి పారబోసి ఇంకో బకెట్టు తెచ్చాడు.

"ఆకుపచ్చ చీర కట్టేదా?"

"కట్టుకో. ముందు ఆ కాలు గూడా ఇయ్యి."

గుడి దగ్గర జనం మాటలు వినబడుతున్నాయి. మొదటి గంట కొట్టాల్సిన మనిషి ఇంకా రెండో మడమ తోముతూనే ఉన్నాడు.