కిలో రాయి చూడని కొరియా

నేను ఒక కిలో రాయిని. రాయి అంటున్నానే గానీ నిజానికి పోత ఇనుముని. తూకానికి వాడేవాటిని రాళ్లని జనం ఎందుకంటారో నాకు తెలీదు, బహుశా మా తాతముత్తాతలు నిజంగానే రాళ్లయి ఉంటారు. ఆరు మూలల నల్లటి ఒళ్లు, నెత్తిన ‘ఒక కిలో’ అని అచ్చు, అడుగున చిన్న గుంట, ఆ గుంటలో సీసం, సీసం మీద సర్కారు ముద్ర. ఇదీ నా రూపం. అందగాణ్నని అనను గానీ, నిఖార్సయినవాణ్ని. ఒక గ్రాము అటూ ఇటూ అయితే నాకు ఒళ్లు మండుతుంది.

నా మొదటి యజమాని పెద్దాపురంలో బెల్లం వ్యాపారి. నుదుట నామం, నోట నారాయణ, చేతిలో చిన్న ఉలి. ఒక మధ్యాహ్నం నన్ను తిరగేసి కడుపులోని సీసం కాస్త గోకేశాడు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను కిలోనని చెప్పుకుంటూ సిగ్గుతో బతికాను. చివరికి తూనికల ఇన్‌స్పెక్టరు కనిపెట్టి, గుంటలో మళ్లీ సీసం నింపించి, కొత్త ముద్ర కొట్టించాడు. ఆ సుత్తి దెబ్బకు నా ప్రాణం లేచివచ్చింది.

బెల్లం కొట్టు మూతపడ్డాక నన్నూ తక్కెడనూ కలిపి కూరగాయల మార్కెట్టులో నూకరత్నం భర్త కొన్నాడు. ఆయన జబ్బు చేసి పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచి కొట్టు రత్నం ఒక్కతే నడుపుతోంది. ఉన్న ఒక్క కూతురూ సామర్లకోటలో కాపురం చేసుకుంటోంది. రత్నానికి నలభై అయిదేళ్లు, పెద్ద గొంతు, చురుకైన చేయి. ఆమె తూకంలో మోసం లేదు. నేను మనస్ఫూర్తిగా గౌరవించిన మనిషి ఆమె ఒక్కతే.

అలాంటి మనిషి కూడా ఒకరోజు ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కొచ్చింది. ఎర్ర అంకెలు మెరిపిస్తూ అది కొట్టు మధ్యలో తిష్ట వేసింది. తక్కెడ గోనెసంచిలోకి వెళ్లిపోయింది. నన్ను మాత్రం రత్నం కొత్తిమీర మీద కప్పిన తడిగుడ్డ ఎగిరిపోకుండా పెట్టేది. ఇన్‌స్పెక్టరు ముద్ర ఉన్నవాణ్ని, తడిగుడ్డకు కాపలా. ఎవరితో చెప్పుకోను?

అప్పుడు కొరియా వచ్చింది.

కూతురు తన పాత ఫోను తల్లికిచ్చి, అందులో తెలుగు మాటలు పెట్టిన కొరియన్ సీరియల్ ఒకటి చూపించి వెళ్లింది. రత్నం ఆ మధ్యాహ్నం ఫోనును క్యాబేజీకి ఆనించి చూడడం మొదలుపెట్టింది. హీరో హీరోయిన్ చేయి పట్టుకోబోతుండగా క్యాబేజీ అమ్ముడుపోయింది. గుమ్మడికాయకు ఆనించింది. హీరో తల్లి నోరు తెరిచేసరికి గుమ్మడికాయ కూడా పోయింది. ఆనపకాయ దొర్లిపోయింది. కొట్టులో అమ్మకానికి లేనిది ఏముందా అని చుట్టూ చూసి, చివరికి నన్ను లేపింది. ఆ రోజు నుంచి నాకు మళ్లీ ఉద్యోగం.

ఉద్యోగమైతే దొరికింది గానీ అందులో ఒక చిక్కుంది. ఫోను నాకు ఆనుకుని నిలబడుతుంది. అంటే బొమ్మ ఆమె వైపు, వీపు నా వైపు. మూడేళ్లలో ముప్పై ఎనిమిది సీరియళ్లకు నేను దన్నుగా నిలిచాను, ఒక్కటీ చూడలేదు. మాటలు వినేవాణ్ని, రత్నం ముఖం చూసేవాణ్ని. ఆమె పెదవి బిగిస్తే అత్తగారు వచ్చిందని, గడ్డం కింద చేయి పెట్టుకుంటే వాన కురుస్తోందని, కొంగు నోట్లో కుక్కుకుంటే ముద్దు దగ్గరపడిందని నాకు అర్థమైపోయేది.

ఆ కొరియా ఎక్కడుందో నాకు తెలీదు, ఆమెకూ తెలీదు. ఆ పేర్లు నోరు తిరక్క అందరికీ తనే పేర్లు పెట్టుకుంది. పొడుగు బాబు, కళ్లజోడాయన, ముత్యాల అత్త. ఎవరైనా మన తెలుగు సీరియళ్లు చూడొచ్చుగా అంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

“మన దాంట్లో పిల్లకి పెళ్లిచూపులు మొదలెట్టారండీ, మా అమ్మాయి పెళ్లయ్యి, మనవడు పుట్టి, ఆడు బడికెళ్తన్నాడు. ఆ పిల్ల ఇంకా కాఫీ పళ్లెం పట్టుకునే ఉంది. ఈళ్లు పదారు ఎపిసోడ్లకి ముగించేత్తారు. మర్యాదస్తులు.”

ఆమెకు తిండి మీద మహా పట్టింపు. “సేమ్యాలాటిది గిన్నెడు వండుకుని మూతలో పోసుకు తింటన్నారేటండీ, ఇంత మేడ కట్టుకున్నోళ్లకి పళ్లెం లేదా?” అని బేరానికొచ్చినవాళ్లను నిలదీసేది. వాళ్లు క్యాబేజీతో పెట్టుకునే ఎర్ర పచ్చడి చూసి, మన క్యాబేజీకి ఆవకాయ కారం పట్టించి మూడు రోజులు ఊరబెట్టింది. ఆ వాసనకు నా ఇనుము తుప్పు పడుతుందేమోనని భయపడ్డాను.

కానీ నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. పదమూడు, పద్నాలుగు ఎపిసోడ్లు వచ్చేసరికి ఆ సీరియళ్లలో ఎవరికో ఒకరికి కష్టం వస్తుందట. ఆ రోజుల్లో రత్నం కళ్లు తుడుచుకుంటూ కిలో టమాటాలకు కిలోంపావు పోసేసేది. పచ్చిమిరపకాయలు గుప్పెళ్లతో కొసరు వేసేది. ఈ సంగతి కనిపెట్టిన ఆడవాళ్లు ముందుగా “ఈవేళ ఎన్నో ఎపిసోడ్డు రత్నం?” అని అడిగి, పన్నెండంటే రెండ్రోజులాగి వచ్చేవారు. మనుషులు సంచి పట్టుకుని ఎదుటివాళ్ల కన్నీళ్లకు కూడా వరస కడతారని నాకు అప్పుడే తెలిసింది.

పక్క కొట్టు సూరిబాబుది. ఉల్లిపాయలు, వెల్లుల్లి, బంగాళాదుంపలు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పెళ్లి కాలేదు. సంబంధాలు చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నోరు మెదపకుండా కూర్చుంటే, చివరికి అవతలివాళ్లే విసిగి లేచిపోయేవారట. ‘ఆయ్’ అనే ఒక్క ముక్కతో వ్యాపారమంతా నడిపేవాడు. రత్నం ఫోను పెట్టగానే ఆయన చెక్కపీట కాస్త ఇటు తిరిగేది. నాలుగైదు సీరియళ్లకు ఒక జానెడు చొప్పున ఆ పీట దగ్గరకు జరుగుతూ, రెండో ఏడు తిరిగేసరికి రెండు కొట్ల మధ్య గోనెపట్టా మీదకు వచ్చేసింది. కష్టాల ఎపిసోడ్లలో ఆయన ధారాళంగా ఏడ్చేవాడు. ఉల్లిపాయల వ్యాపారికి ఆ విషయంలో ఉన్న సౌకర్యం ఇంకెవరికీ లేదు.

కొరియా వాళ్లు ప్రతి కూరలోనూ ఉల్లికాడలు కోస్తున్నారని రత్నం ఒకసారి మెచ్చుకుంది. మర్నాటి నుంచి సూరిబాబు ఉల్లికాడలు తెచ్చి పెట్టాడు. వాన మొదలైతే తన కొట్టు వదిలేసి ముందు ఆమె కొట్టు మీద పరదా దించేవాడు. ఆ క్యాబేజీ పచ్చడి డబ్బా మొత్తం తిన్నది కూడా ఆయనే. రెండో ఎపిసోడ్డులోనే “ఈడు ఆ పిల్ల కోసం పడి చచ్చిపోతన్నాడండీ” అని పసిగట్టే రత్నం, ఇదంతా చూసి “మంచాయన” అనేది. అంతే. నాకు నోరు లేదు గానీ, ఉంటే కేకేసి చెప్పేవాణ్ని.

అలాగని ఆమె మనసులో ఏమీ లేదనీ అనలేను. సూరిబాబుకు జ్వరమొచ్చి నాలుగు రోజులు కొట్టు తెరవనప్పుడు ఆమె ఫోను బయటికే తీయలేదు. ఎవరో అడిగితే చార్జింగు లేదంది. నాలుగు రోజులూ చార్జింగు లేదట!

సీరియళ్లలో ఆమెకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. హీరో చాటుగా ఏదో త్యాగం చేస్తాడు, ఆ పిల్లకు చెప్పడు. లేదా ఆ పిల్ల చేస్తుంది, అతనికి చెప్పదు. అక్కణ్నుంచి మూడు ఎపిసోడ్లు ఇద్దరూ ఏడుస్తారు. “చెప్పి చావొచ్చు కదరా! నోట్లో ఏటన్నా పెట్టుకున్నావా?” అని రత్నం ఫోనును గదమాయించేది. ఆ తిట్లన్నీ ఫోనుకు తగిలి, వెనకనున్న నాకూ తగిలేవి.

ఇంతలో మార్కెట్టు పాతబడిందని పడగొట్టే రోజు వచ్చింది. మూడు వీధుల అవతల కొత్త భవనం కట్టారు. ఎవరి కొట్టు ఎక్కడో చీటీలు తీశారు. సూరిబాబుకు మూడో నంబరు వచ్చింది, గేటు పక్కనే. అందరూ ఆయన భుజం తట్టారు. రత్నానికి నలభై ఒకటి వచ్చింది, ఆ చివర చేపల వరసను ఆనుకుని. ఇద్దరూ తిరిగొచ్చి తమ తమ కొట్లలో కూర్చున్నారు. ఆమె ఫోను తీయలేదు.

“మంచి చోటే వచ్చిందండీ మీకు. బేరాలు బాగుంటాయి,” అంది.

“ఆయ్,” అన్నాడు సూరిబాబు.

మూడేళ్లు కలిసి ఏడ్చినవాళ్లు చెప్పుకున్న వీడ్కోలు అది. ఇక ఆమె చేపల వాసనలో ఒంటరిగా ఫోను చూస్తుంది, ఆయన గేటు దగ్గర గోడను చూస్తాడు. నేను మధ్యలో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాను. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది.

ఇష్టపడితే కొట్లు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చని, మూడు రోజుల్లోగా సంతకాలు పెట్టాలని మార్కెట్టు సూపర్‌వైజరు చెప్పాడు. మర్నాడు సూరిబాబు సరుకు తేవడానికి వెళ్లిన సమయం చూసి, రత్నం కొబ్బరికాయల పైడియ్యను పిలిచింది. అతనికి నాలుగో నంబరు వచ్చింది, సూరిబాబు పక్కన.

“నీ నాలుగు నాకిచ్చి నా నలభై ఒకటి తీసుకో పైడియ్యా.”

“గేటు పక్కది ఒదులుకుని చేపల్లోకి ఎవడెళ్తాడమ్మా? నాకేటి పిచ్చా?”

రత్నం ఎలక్ట్రానిక్ కాటా ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. పైడియ్య కాటాను చూశాడు, ఆమెను చూశాడు, సంతకానికి బయల్దేరాడు. ఆమె గోనెసంచిలోంచి పాత తక్కెడ తీసి దులిపింది. నన్ను కొంగుతో తుడిచింది.

“ఇంక నువ్వే దిక్కు,” అంది నాతో. “ఆయనకి ఇప్పుడే చెప్పకూడదు. చెప్తే కాటా ఇచ్చెయ్యడమేటని గొడవెడతారు. కొత్త మార్కెట్లో పొద్దున్నే పక్కకి చూసి, ఆయనే తెల్లబోవాల.”

నేను నిర్ఘాంతపోయాను. మూడేళ్లు ఎవరిని తిట్టిందో అదే పని చేస్తోంది, పైగా ముసిముసిగా నవ్వుతోంది. అయినా ఆ పూట ఆమెను తప్పుపట్టలేకపోయాను. చాలా ఏళ్ల తర్వాత నాకు తూచే పని దొరికింది, అది ఈ త్యాగం పుణ్యమే.

కొత్త మార్కెట్టు తెరిచిన రోజు రత్నం అందరికన్నా ముందే వచ్చింది. నాలుగో నంబరు కడిగి, పసుపు రాసి, కూరగాయలు సర్ది, తక్కెడ వేలాడదీసింది. నిమిషానికోసారి మూడో నంబరు వైపు చూస్తోంది. జడలో కనకాంబరాలు కూడా కనపడ్డాయి. ఏడింటికి ఆ కొట్టులోకి గెలలు దిగాయి. వెనకే అరటిపళ్ల వ్యాపారి నవ్వుకుంటూ దిగాడు.

“ఇది సూరిబాబుగారి కొట్టు కదండీ?” అంది రత్నం.

“నిన్నటిదాకానమ్మా. నా నలభై రెండు తనకిచ్చి ఇది తీసుకోమన్నాడు. గేటు పక్కది ఎవడన్నా ఒదులుకుంటాడా, మతి గానీ పోయిందా అనడిగాను. ‘ఆయ్’ అన్నాడు.”

నలభై రెండంటే నలభై ఒకటి పక్కది. ఆమె పక్కన ఉండడానికి ఆయన అటు వెళ్లాడు. ఆయన పక్కన ఉండడానికి ఆమె ఇటు వచ్చింది. చివరికి ఇద్దరి మధ్యా మళ్లీ అంతే దూరం. రత్నం ముఖం చూశాను. ముప్పై ఎనిమిది సీరియళ్లలో ఆ ముఖం మీద అలాంటిది నేను చూడలేదు.

అంతలోనే చేపల వరస వైపు నుంచి సూరిబాబు పరిగెత్తుకొచ్చాడు, భుజం మీద ఉల్లిపాయల బస్తా దించకుండానే. తన పక్కన పైడియ్య కాటా పెట్టుకుని కొబ్బరికాయలు పేరుస్తుంటే సంగతి అర్థమైందట.

“మీరిక్కడున్నారేటండీ?” అన్నాడు రొప్పుతూ.

“మీరక్కడికెళ్లారేటండీ? ఒక్క మాట చెప్పకూడదా?”

“మీరూ చెప్పలేదు కదండీ.”

ఆయన నోటినుంచి అంత పొడుగు వాక్యం రావడం మార్కెట్టుకు కొత్త. చుట్టూ జనం మూగారు. సూపర్‌వైజరు రిజిస్టరు పట్టుకుని వచ్చి, గడువు అయిపోయింది, ఇంక ఏడాదిదాకా మార్పుల్లేవన్నాడు. ఇద్దరూ కదలకపోయేసరికి విసుక్కున్నాడు.

“అంత కలిసుండాలంటే ఒకటి ఒదిలేసి ఒక్క కొట్లోనే సర్దుకోండి. కానీ ఒక కొట్టుకి ఒక కుటుంబమే ఉండాలి. అదీ రూలు. మీరు కుటుంబం కాదు కదా.”

మార్కెట్టంతా ఇటే తిరిగింది. ఆ చివర కత్తిపీట దగ్గర చేపలు కోసే ఆమె కూడా చేయి ఆపింది. సూరిబాబు నేల చూస్తున్నాడు. నేను తక్కెడలో ఉన్నాను. ఎదుటి తట్టలో ఎవరికో తూస్తున్న వంకాయలు కిలోకి రెండు కాయలు తక్కువే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను పట్టించుకోలేదు. మాట్లాడవయ్యా సూరిబాబూ, ఇంకెప్పుడు మాట్లాడతావు?

రత్నం నడుం మీద చెయ్యేసుకుంది.

“ఆ కొరియావోళ్లని తిట్టీ తిట్టీ నా గొంతు పోయిందండీ,” అంది. “మీరు కూడా తిట్లు తింటారా, లేపోతే మాటాడతారా?”

సూరిబాబు బస్తాను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఆమె కొట్టును అటూ ఇటూ చూశాడు.

“ఉల్లిపాయలు ఎడం పక్కన పెట్టుకుంటానండి,” అన్నాడు.

రత్నం ఎడం పక్కకు చూసింది, గేటు చూసింది, గేటు బయట ఆకాశం చూసింది.

“ఎడం పక్కన ఒద్దండి,” అంది. “గేటు వైపునుంచి జల్లు కొడతాది, కుళ్లిపోతాయి. కుడి పక్కన పెట్టుకోండి.”

సూపర్‌వైజరు కలం మూత తీశాడు. సూరిబాబు భుజం మీది బస్తా దించాడు, కుడి పక్కన.