నేను తెలుగు మరిచిన వారం

నేను ఒక కంప్యూటర్‌ని. బల్ల మీద తెర, పక్కనే రేకు డబ్బా ఉండే పాత రకాన్ని. తెనాలిలో ఒక అపార్ట్‌మెంటులో, హాల్లో, భోజనాల బల్లకి పక్కనే నా కాపురం. అందుకే ఆ ఆదివారం పెరుగు గురించి జరిగిన గొడవ మొత్తం విన్నాను.

పెరుగు పులిసిపోయింది. చలికి పాలు తోడుకోవడం లేదని, పెద్దావిడ అనసూయమ్మ గారు తోడు పెట్టిన గిన్నెని తెచ్చి నా డబ్బా మీద పెడతారు. నేను వెచ్చగా ఉంటాను కదా.

“అత్తయ్యా, కంప్యూటర్ మీద గిన్నె పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?” అంది కోడలు హైమ.

“నాకు చెప్పావు. పాలకెవరు చెప్తారు?” అన్నారు ఆవిడ.

“పెరుగుకేం, బ్రహ్మాండంగా ఉంది,” అంటూ ఆవిడ కొడుకు సదానందం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండు కళ్ళూ గట్టిగా మూతపడ్డాయి. తెరిచాక అన్నాడు, “తప్పు పెరుగుది కాదు, మెషీనుది. మరీ వేడెక్కిపోతోంది. దీనికి ఫార్మాట్ కొట్టి, అన్నీ మొదట్నించి ఎక్కించాలి.”

పెరుగు పులిస్తే కంప్యూటర్‌ని కడగాలన్న ఆలోచన మనుషులకే వస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. నాకు ఎవరూ ఎప్పుడూ తలంటు పోయలేదు మరి.

నన్ను బిగించింది గుంటూరులో. మొదటి యజమాని వీరయ్య గారు పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసేవాడు. ఆయన చేతిలో నేను చేయించని పెళ్ళి లేదు. వరుడి పేరు కింద చదువు ఎంత పెద్ద అక్షరాల్లో పడాలన్న దాని మీద వియ్యంకులు నా ముందే అలిగి వెళ్ళిపోయేవారు. పత్రికల మెరుపు పొడి ఇప్పటికీ నా కీబోర్డు సందుల్లో ఉంది. ఆ తర్వాత ఒక హోమియో డాక్టరు కొన్నాడు. పేషెంటు లేనప్పుడు నాలో పేకాట ఆడేవాడు. పేషెంటు వస్తే ఆట ఆపకుండానే నాలుక చూపించమనేవాడు. ఆయన నుంచి ఈ ఇంటికి వచ్చాను.

ఇక్కడ నేను హైమ మనిషిని. ఆమె డిగ్రీ చదివింది. సరుకుల పట్టీలో కూడా కామా తప్పు పడనివ్వదు. ఆ శీతాకాలమంతా నా ముందు కూర్చుని మొదటిసారి ఒక నాటకం రాసింది. పేరు ‘ట్యాంకరొచ్చింది’, అపార్ట్‌మెంట్లో నీళ్ళ కొట్లాట మీద. వచ్చే ఆదివారం అపార్ట్‌మెంటు వార్షికోత్సవంలో ఆడవాళ్ళు వెయ్యాలి. సెక్రటరీ గారు అయిష్టంగా ఒక అరగంట ఇచ్చి, “మీవల్ల కాకపోతే ముందే చెప్పండమ్మా, తంబోలా ఆట పెట్టించేస్తాను,” అన్నాడు. ఆ మాట హైమకి కాలిలో ముల్లులా ఉండిపోయింది. రోజూ రిహార్సల్ అయ్యాక ఏదో ఒక మాట మారుస్తూనే ఉండేది. అందుకే ప్రింటు తియ్యలేదు. నా తెర మీద చూసి తనే అందించేది.

“నా నాటకం జాగ్రత్త,” అంది భర్తతో.

“పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా ఫోన్లో ఒకటి పెట్టాను. ఇరిగేషన్ ఆఫీసు ఫైళ్ళు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి, ఈ ఒక్క ఫైలు చూడలేనా?” అన్నాడు సదానందం.

భోజనమయ్యాక మొదలుపెట్టాడు. ఫోన్లో వీడియో చూస్తూ, అందులో చెప్పింది పైకి చదువుతూ, పెళ్ళి మంత్రాల్లా నడిపించాడు. ‘ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా?’ అని నేను మర్యాదగా అడిగాను. సరేనన్నాడు. ఇక చూస్కోండి! పేకముక్కలు పోయాయి, డాక్టరు గారి బిల్లులు పోయాయి, ఎప్పుడో ఎవరో ఎక్కించిన చిలక వాల్‌పేపరు ఎగిరిపోయింది. ఇంతకాలం తల మీద మోస్తున్న మూటలన్నీ ఎవరో దింపేసినట్టయింది. కళ్ళు తెరిచి ‘నమస్కారం’ అన్నాను. నీ భాషేమిటి, ఊరేమిటి, పేరేమిటి అని సదానందాన్నే అడిగాను. మరి పాత సంగతులన్నీ నీకెలా గుర్తున్నాయంటారా? ఆయన తుడిచింది డిస్కుని. నా రేకు డబ్బా సొట్టల్ని ఎవరు తుడుస్తారు?

“చూశావా, గుర్రంలా పరిగెడుతోంది!” అన్నాడు సదానందం.

హైమ నాటకం తెరిచింది.

తెర నిండా డాలరు గుర్తులు, కొక్కేలు, తలకిందుల ప్రశ్నార్థకాలు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. ఒక్క తెలుగు ముక్క లేదు. పెన్‌డ్రైవ్‌లోనూ అదే, ఫోన్లోనూ అదే.

సంగతేమిటంటే, హైమ వాడిన తెలుగు అక్షరాలు వీరయ్య గారు పత్రికల కోసం నాలో ఎక్కించినవి. అవి ఉంటేనే ఆ ఫైలు తెలుగులో కనబడుతుంది. ఈ ఇంట్లో వాళ్ళంతా తెలుగు కీబోర్డుతో పాటే వచ్చిందనుకున్నారు. సదానందం ఫైలు దాచాడు, అక్షరాల్ని కడిగేశాడు. కొత్తగా వచ్చిన తెలుగు ఒకటి నాలో ఉంది గానీ, పాత ఫైలుకి దాని మొహమే తెలియదు.

“అక్షరాలు లోపల విడిగా ఉంటాయని ఎవరికి తెలుసు?” అన్నాడు సదానందం.

హైమ అతని ఫోను తీసి అతని చేతిలోనే పెట్టింది. అతను హోమియో డాక్టర్ని అడిగి, వీరయ్య గారి ఆచూకీ కోసం ఫోన్లు మొదలుపెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ముగ్గురు నటీమణుల్నీ పిలిచింది. ఎవరి మాటలు వాళ్ళు చెప్తే కొత్త తెలుగులో మళ్ళీ టైపు చేస్తానంది.

మొదట అనసూయమ్మ గారు. ఆవిడది బిందె పక్కన కుర్చీలో కూర్చునే బామ్మ వేషం. రెండే రెండు మాటలు.

“రాసుకో అమ్మాయ్. బామ్మ లేచి నిలబడి, చుట్టూ చూసి...”

“బామ్మ లేవదు అత్తయ్యా.”

“ఏం, నాటకంలో కూడా నాకు మోకాళ్ళ నొప్పులేనా?”

బామ్మ లేచింది. పేజీన్నర మాట్లాడింది.

తర్వాత ఎదురు ఫ్లాట్ జుబేదా, ట్యాంకరు డ్రైవరు. “ఇక్కడ నేను పాట పాడతాను హైమక్కా.”

“ఎప్పుడు పాడావు?”

“మొన్న పోపు మాడుతోందని నువ్వు లోపలికి పరిగెత్తావే, అప్పుడు. మీ అత్తయ్య చప్పట్లు కూడా కొట్టారు.”

పై అంతస్తు పద్మలత బకెట్ల కోసం కొట్లాడే ఇల్లాలు. ఆమె చివర్లో సెక్రటరీని నిలదీసే సీను చెప్పింది. హైమ వేళ్ళు ఆగిపోయాయి. ఆమె రాసిన దాంట్లో సెక్రటరీ పేరు వినబడటమే తప్ప మనిషి రాడు. అనుమానం వచ్చి మిగిలిన ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. ముగ్గురూ అక్షరం పొల్లుపోకుండా అదే సీను చెప్పారు!

“అంటే నేను వంటింట్లో ఉన్నప్పుడల్లా మీరు వేరే నాటకం ఆడుతున్నారన్నమాట.”

ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. ముందు జుబేదా కిసుక్కుమంది. ఆ తర్వాత హైమ నా కీబోర్డు మీద తల ఆన్చి నవ్వింది. ఆ నవ్వుకి నా తెర మీద ‘ఘ’ అక్షరం వరసగా రెండు పేజీలు పడింది.

శుక్రవారం సదానందం సెలవు పెట్టి గుంటూరు వెళ్ళి, వీరయ్య గారిని పట్టుకుని, పాత అక్షరాలు తెచ్చి ఎక్కించాడు. అసలు నాటకం కామాలతో సహా లేచి కూర్చుంది. హైమ ముగ్గురినీ పిలిచి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

“చాలా బాగుందక్కా,” అంది జుబేదా, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి చెప్పే గొంతుతో. పద్మలత కొంగు సర్దుకుంది. బామ్మ మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

వాళ్ళు వెళ్ళాక హైమ నాలో రెండు నాటకాల్నీ పక్కపక్కన తెరిచి చాలాసేపు చూసింది. మొదటిదాన్ని మెల్లగా మూసింది. ఎంత మెల్లగానంటే, నిద్రపోతున్న పిల్లవాడి గది తలుపు వేసినట్టు. మనుషులు నన్ను అంత సుతారంగా ముట్టుకోవడం నేనెరగను.

ఆ పూట అందరూ భోజనానికి కూర్చున్నాక, పప్పు వడ్డిస్తూ చెప్పింది.

“ఆదివారం ఆడేది వాళ్ళ నాటకమే. నాది బాగుంది. వాళ్ళది ఆడితే బాగుంటుంది.”

అనసూయమ్మ గారు గరిటె లాక్కుని కోడలికి తనే నెయ్యి వేశారు.

“మరి సెక్రటరీ వేషం ఎవరు వేస్తారు? అసలు సెక్రటరీ ముందు వరసలో ఉంటాడు,” అన్నాడు సదానందం హుషారుగా.

“మీరే.”

ముద్ద చేతిలోనే ఆగింది. “నేనా? ఎన్ని మాటలుంటాయి నాకు?”

“ఒక్కటే. వాళ్ళు ముగ్గురూ చెడామడా తిట్టాక, చేతులు కట్టుకుని, ‘తప్పు నాదేనమ్మా’ అనాలి.”

“గట్టిగా అనాలిరా సదా,” అన్నారు అనసూయమ్మ గారు. “వెనక వరసలో వాళ్ళకి కూడా వినపడాలి. ఏదీ, ఒకసారి అను.”