ఎడమపక్క పల్లం

పొద్దున లేవగానే అనీసా చేసే మొదటి పని పరుపు మీద ఉప్పు దులపడం. కుడిపక్క ఆమెది, ఎడమపక్క అయూబ్‌ది. ఆ ఎడమపక్కన మనిషి ఒత్తిగిలి పడుకున్నట్టు ఒక పల్లం ఉంటుంది. భుజం ఆనేచోట లోతుగా, మోకాళ్ళు ముడిచినచోట వంపుగా. దుప్పటి నలిగి, ఆ నలుగుల్లో సన్నటి ఉప్పు మెరుస్తుంది. అనీసా దాన్ని కొంగుతో దులిపి, దుప్పటి లాగి సర్ది, టీ పెట్టడానికి పోతుంది. అయూబ్ సముద్రంలో పోయి రెండేళ్ళు దాటింది.

చిలకలూరిపేటలో ఇదేం వింత కాదు. పోయినవాళ్ళు పరుపులో పల్లం వదిలే పోతారు. దినాలు అయ్యాక ఇంటివాళ్ళు ఆ పరుపు చుట్టి హైవే పక్కన మాబు కొట్టుకి తెస్తారు. మాబు కుట్లు విప్పి, దూది బయటికి తీసి, పాతకాలం విల్లుతో ఏకుతాడు. పల్లం పోతుంది, అందులోని మనిషీ వెళ్ళిపోతాడు. దీన్నే పల్లం తీయడం అంటారు. దూది ఏకే మిషన్ మాబు కొట్టులోనూ ఉంది కానీ ఈ పనికి అది పనికిరాదు. ఒక వడ్డీ వ్యాపారి కొడుకు తొందరపడి తండ్రి పరుపు మిషన్లో వేయించాడు. ఆ పెద్దమనిషి చాలా రోజులు వంటింట్లో కొంచెం, వరండాలో కొంచెం, బాత్రూంలో కొంచెం దగ్గుతూ తిరిగాడు. చివరికి ఇల్లంతా ఊడ్చి, ఆ పీచు పోగేసి, మళ్ళీ మాబు దగ్గరికే తెచ్చారు.

ఊరందరి పల్లాలూ తీసిన మాబు, సొంత కొడుకు అయూబ్ పల్లం మాత్రం తీయలేదు. కోడలు తీయమనలేదు, ఆయన అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఆయనకి తెలుసు.

అయూబ్‌కి తండ్రి పని అబ్బలేదు. దూది పీచు పడేది కాదు, డీజిల్ వాసన ఇష్టం. గంటన్నర దూరంలో సముద్రం ఒడ్డునున్న ఓడరేవు అనే ఊళ్ళో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఒకరోజు శివనాగరాజు పడవకి కొత్త ఇంజన్ బిగించి, ఎలా నడుస్తుందో చూద్దామని ఇద్దరూ సముద్రం లోపలికి వెళ్ళారు. గాలి తిరిగి పడవ బోల్తాకొట్టింది. శివనాగరాజు ఖాళీ డీజిల్ క్యాను కావలించుకుని ఒడ్డుకి వచ్చాడు. అయూబ్ రాలేదు, శవమూ రాలేదు. క్యాను ఒకటే, మనుషులు ఇద్దరు. దాని గురించి అనీసా ఎవర్నీ అడగలేదు. పరామర్శకి వచ్చిన శివనాగరాజు మొహం మీదే తలుపు వేసింది. ఆ తర్వాత అతను మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగలేదని, ఒంటరిగా తిరిగొచ్చినవాడికి పిల్లనివ్వం అని కుదిరిన సంబంధంవాళ్ళు తప్పుకున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. అనీసా విని తన పనిలో పడింది.

రెండేళ్ళు దాటాక, ఆగస్టులో, ఓడరేవుకి ఎదురుగా, కనుచూపు మేరలో, ఒక సరుకు ఓడ అడుగు పగిలి నిలబడిపోయింది. దానిలోంచి నల్లటి నూనె కారడం మొదలైంది.

రెండోరోజు పొద్దున ఒక ట్రాలీ ఆటో మాబు కొట్టు ముందు ఆగింది. వెనకాల సన్నకన్ను రొయ్యల వలలు కుప్పగా ఉన్నాయి. ముందు నుంచి దీప్తి అనే అమ్మాయి దిగింది. విశాఖపట్నం నుంచి నూనె తీసే మనుషుల్ని, మిషన్లని వెంటబెట్టుకొచ్చిన ఇంజనీరు. డ్రైవర్ సీట్లో ఉన్న శివనాగరాజు దిగలేదు.

"సముద్రంలో బూములు వేశామండి, తేలే కంచెల్లాంటివి," అంది దీప్తి. "నూనె వాటి దగ్గర ఆగితే, స్కిమ్మర్ మిషన్ పైపైన తోడేస్తుంది. కానీ ఆ బూములు సముద్రానికే చాలడం లేదు. కాలువ సముద్రంలో కలిసే మొగ ఖాళీగా ఉండిపోయింది. నూనె అందులోకి దూరితే ఇక రొయ్యలూ ఉండవు, పీతలూ ఉండవు. బట్టీలో ఉడకబెట్టని పచ్చి దూది నీళ్ళు తాగదు, నూనె తాగుతుంది. ఈ వలల్లో కూరి పొడుగ్గా కుట్టిస్తే మొగకి అడ్డం కడతాం."

"దిండ్లు కుట్టినట్టే కదమ్మా," అన్నాడు మాబు.

"దిండంత గట్టిగా వద్దండి. వదులుగా ఉంటేనే తాగుతుంది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పక్క కొట్టువాళ్ళు నవ్వారు. మాబు వినిపించుకోలేదు. కొడుకుని మింగిన సముద్రమైనా, అది మురికి పడుతుంటే ఆయనకి మనసొప్పలేదు. జిన్నింగ్ మిల్లుల్లో మిగిలిన దూది చెత్తంతా తెప్పించాడు. అసలే సీజన్ కాదు, మిల్లుల్లో ఊడ్చినా కొంచెమే వచ్చింది. మామా కోడళ్ళు కూర్చుని దబ్బనాలతో కుట్టారు. చేతికి అలవాటైన గట్టితనం పోక, మాబు కూరిన మొదటి రెండూ మళ్ళీ విప్పాల్సివచ్చింది. కుట్టినవి కుట్టినట్టు శివనాగరాజు తీసుకెళ్ళి, మళ్ళీ వచ్చి, గుమ్మం బయటే నిలబడేవాడు. అనీసా తలెత్తేది కాదు.

మర్నాడు మధ్యాహ్నానికి దూది అయిపోయింది. శివనాగరాజు ఈసారి గుమ్మం దాకా వచ్చాడు.

"బాబాయ్, ఇంకొక్కటి కావాలి. రెండు మంచాలంత ఖాళీ మిగిలింది. సాయంత్రం పోటు వచ్చిందంటే నూనె అందులోంచే దూరుద్ది."

"లేదురా. పత్తి ఇంకా చేలల్లోనే ఉంది."

"పాత పరుపు దూదైనా పర్లేదంట. మేడమ్ చెప్పింది."

ఊళ్ళో పరుపులన్నీ ఫోములే అయిపోయాయి. దూది పరుపు అడిగితే వెంటనే దొరికేది ఒక్క ఇంట్లోనే. అది తన ఇల్లే. ముగ్గురికీ తెలుసు.

అనీసా లేచి కొట్టు వెనక గదిలోకి పోయింది. చాలాసేపు పరుపు పక్కన కూర్చుంది. అయూబ్ బతికుంటే ఏం చేసేవాడో ఆమెకి తెలుసు. ఆ పడవలన్నీ అతను బాగుచేసినవే. ఈపాటికి ఆ నూనెలో నడుముదాకా దిగి ఉండేవాడు. అది తెలిసినందుకే ఆమెకి మరీ కోపం వచ్చింది. పరుపు చుట్టి, భుజాన వేసుకుని తెచ్చి మామ ముందు పడేసింది.

మాబు కుట్లు విప్పాడు. దూది బయటికి తీసి, అలవాటు ప్రకారం గోడకున్న విల్లు అందుకున్నాడు.

"ఏకొద్దు మావయ్యా."

"తప్పమ్మా. పల్లం తీయకుండా దూదిని ఇంకో పనికి వాడకూడదు."

"దూది ఇస్తున్నా. మనిషిని ఇవ్వట్లేదు. పనైపోయాక నా దూది నాకు తెచ్చివ్వండి. ఎండబెట్టుకుంటా."

మాబుకి ఏకాలనే ఉంది. ఆయన చేతులు అందుకే ఉన్నాయి. కానీ కోడలి మొహం చూసి విల్లు గోడకి తగిలించాడు. ఆ పనిలో ఆయన చేసిన పెద్ద తప్పు అదొక్కటే. ఏకని దూదిని అలాగే వలలో కూరి కుట్టారు. అనీసా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ట్రాలీలో కూర్చుంది.

ఓడరేవులో గాలే నల్లగా ఉన్నట్టుంది. దూరంగా నారింజరంగు బూములు నీళ్ళ మీద వంకర తిరిగి ఉన్నాయి. వాటి కడుపులో ఒక పడవ నిలబడి స్కిమ్మర్ డ్రమ్ము తిప్పుతోంది. డ్రమ్ముకి అంటిన నూనెని గొట్టం పీల్చుకుంటోంది. ఇవతల కాలువ మొగకి అడ్డంగా దూది బూములు ఒకదానికొకటి కట్టి ఉన్నాయి, మధ్యలో ఆ ఖాళీ తప్ప. అయూబ్ దూదిని అక్కడ దించారు. నీళ్ళ మీద పడగానే దాని ఒక పక్క మెల్లగా పల్లమైంది. భుజం దగ్గర లోతుగా, మోకాళ్ళ దగ్గర వంపుగా. కూలీలు చూసి, కాస్త పక్కకి జరిగి, తాళ్ళు కట్టుకున్నారు.

పోటు మొదలైంది. చివరి ముడి పడాల్సిన గుంజ నడిమధ్యలో ఉంది. మిగతా మనుషులంతా అవతలి ఒడ్డున ఉన్నారు. శివనాగరాజు ఒక్కడే ఇటున్నాడు. అనీసా వైపు ఒకసారి చూశాడు. గుంజకి కట్టాల్సిన బూము తాడు నడుముకి చుట్టుకుని నీళ్ళలో దిగాడు. మోకాళ్ళు దాటింది, నడుం దాటింది. గుంజ అందింది, ముడి వేశాడు. అప్పుడే పెద్ద అల వచ్చింది. లంగరు తాడు కాలికి చుట్టుకుని మనిషి కిందికి పోయాడు.

దీప్తి తాడు విసిరింది. అందుకోవడానికి చెయ్యి పైకి రాలేదు.

అనీసా కదల్లేదు. మునగనీ అనుకుంది. నిజంగా అనుకుంది. కళ్ళు మాత్రం ఆ పల్లం మీద ఉన్నాయి. దూది బూము పోటుకి ఎదురుగా వంగింది. పల్లం ఇంకా లోతుకి దిగింది, మనిషి మంచం అంచు మీదికి జరిగి కిందికి చెయ్యి చాపినట్టు. తర్వాత నెమ్మదిగా పైకి లేచింది. దాని మీద శివనాగరాజు పడి ఉన్నాడు, నల్లగా, దగ్గుతూ.

ఒడ్డుకి లాగాక అతను మొదట అనీసాతోనే మాట్లాడాడు. "వదినా, చెయ్యి పట్టుకున్నాడు. ఆరోజు నేను పట్టుకోలేదు. ఈరోజు వాడు పట్టుకున్నాడు."

అనీసా నీళ్ళ మీది దూది వైపు తిరిగింది.

మొగలోకి నూనె పోలేదు. మూడోనాటికి దూది బూములు నల్లగా బరువెక్కితే బయటికి లాగారు. అయూబ్ దూదిని అనీసా చేత్తో తడిమి చూసింది. నూనె ఉంది, నాచు ఉంది, ఎక్కడా పల్లం లేదు.

"దీన్ని ఎండబెట్టినా లాభం లేదండి. కాల్చేయాల్సిందే," అంది దీప్తి. ఆ మాట చెప్పడానికి పాపం కాస్త తటపటాయించింది. అనీసా తలూపింది.

ఆ తర్వాత చాప మీద పడుకునేది. పొద్దున లేస్తే దులపడానికి ఏమీ ఉండేది కాదు. అలవాటు కొద్దీ కొంగు చేత్తో పట్టుకుని చాప పక్కన కూర్చుండిపోయేది. ఉన్న ఒక్కటీ ఆ శివనాగరాజుకే పోయింది, మొదటిసారి ఒక క్యాను, ఇప్పుడు ఇది, అనుకుని ఏడ్చేది.

కొత్త పత్తి మిల్లులకి రావడం మొదలయ్యాక శివనాగరాజు కొట్టుకి వచ్చాడు. మళ్ళీ సముద్రం మీద చేపల వేటకి పోతున్నాడట. ఒళ్ళు ఎండకి కమిలి ఉంది.

"పరుపు కావాలి బాబాయ్. ఈమధ్య చాప మీద చోటు చాలట్లేదు. ఒక్కణ్ణే అయినా ఎందుకో మరి, లేచేసరికి చాప బయట నేల మీద ఉంటున్నా."

మాబు కొలత టేపుతో తీసుకోడు. పరిచిన దూది మీద మనిషిని పడుకోబెట్టి తీసుకుంటాడు. శివనాగరాజు వెల్లకిలా పడుకుని, కాసేపుండి లేచాడు. తెల్లటి కొత్త దూదిలో అతని వీపు పల్లం పడింది. దాని ఎడమపక్కన ఇంకోటి ఉంది. ఒత్తిగిలి, భుజం దగ్గర లోతుగా, మోకాళ్ళు ముడిచి. అందులో ఉప్పు మెరుస్తోంది.

మాబు దాన్ని చూశాడు. గోడ మీది విల్లు అందుకున్నాడు.

అనీసా వచ్చి దూది దగ్గర కూర్చుంది. కొంగు అంచుతో ఆ ఉప్పు మెల్లగా దులిపింది. చాలా రోజులకి చేసిన పని. అయూబ్‌ని ఇంటికి తెచ్చేసుకోవచ్చు. మామ చేత ఏకించి పంపించేయనూ వచ్చు. సముద్రంలోకి రోజూ పోయే మనిషి పక్కన వదిలేయనూ వచ్చు.

"విల్లు పెట్టేయండి మావయ్యా," అంది. "ఇద్దరికి సరిపడా కుట్టండి."

"నేనొక్కణ్ణే కదా వదినా," అన్నాడు శివనాగరాజు.

"కుడిపక్క నువ్వు పడుకో. ఎడమపక్క కాస్త ఎక్కువ దూది పెట్టండి మావయ్యా, ఆయనకి ఆ భుజం నొప్పి." దబ్బనంలో దారం ఎక్కించి ముడి వేసింది. "పొద్దున లేచాక ఉప్పు దులపడం మాత్రం మర్చిపోకు."