నోరు దాటని పేరు

చలమయ్య మూడో కేక వేసి, వసారా స్తంభానికి వీపు ఆనించి ఆయాసం తీర్చుకున్నాడు. గురజాల మేజిస్ట్రేటు కోర్టులో ఎవరినైనా మూడుసార్లు పిలవాల్సిందే, మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే. మీసం మొలిచినప్పటినుంచీ చలమయ్య ఉద్యోగం అదే. భుజం మీదుగా ఎర్ర డవాలీ పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల, మోచేతుల దగ్గర అతుకులు పడ్డ ఖాకీ కోటు. యుద్ధం అయ్యేదాకా కొత్త కోటు లేదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జర్మనీ వాడికీ తన మోచేతులకీ సంబంధమేమిటో అతనికి తెలియలేదు గాని, ఉత్తర్వు గనక ఒప్పుకున్నాడు.

పల్నాటి పేర్లన్నీ అతని నోట్లో నలిగాయి. అతని పేరు మాత్రం ఎవరికీ అక్కర పడలేదు. కోర్టులో ‘బంట్రోతూ’, వకీళ్ళకు ‘ఒరేయ్’, ఇంట్లో భార్య కోటేశ్వరమ్మకు ‘ఇదిగో’.

మెట్ల మీద మస్తానమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో రెండేళ్ళ కూతురు రోశమ్మ తల్లి చెంగు నములుతోంది. మొగుడు పిచ్చియ్య ఇద్దర్నీ గెంటేసి ఇంకొకతెను తెచ్చుకున్నాడు. పిల్ల కొన్నాళ్ళుగా గంజి మీదే ఉంది. తిండికి మనోవర్తి ఇప్పించమని మస్తానమ్మ అర్జీ పెట్టుకుంది. మనోవర్తి అంటే ఏమిటో ఆమె వకీలు చెప్పలేదు. చెబితే దానికి ఫీజు వేరే. అందుకని చలమయ్యను అడిగింది.

“అదిస్తే తాళి తెంచాల్నా బాబాయ్?”

“తెంచేదేంది. మొగుడు మొగుడే. తిండీ బట్టా పెట్టమని సర్కారు వాడి మెడ మీద చెయ్యేసి చెప్పటం, అంతే.”

“వాయిదా అంటే?”

“మళ్ళీ రమ్మని.”

“డిస్మిసంటే?”

“మళ్ళీ రావద్దని. అది మాత్రం కానియ్యబాకు. నువ్వు పెళ్ళానివే కాదు, పత్తి తీయటానికొచ్చిన కూలిదానివని వాడు రాసిచ్చాడు. దొరగారు నీ మొగుడి పేరడుగుతారు. ధైర్యంగా చెప్పెయ్.”

మస్తానమ్మ పిల్ల నోట్లోంచి చెంగు లాక్కుని తన నోటికి అడ్డం పెట్టుకుంది. “అదెట్టా చెప్పేది. పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గదూ.”

“తగ్గితే తగ్గనీ. పిల్లకి పెరుగుద్ది. ఏదీ, ఇక్కడోసారి అను.”

“పి...” అని ఆగి, నాలిక్కరుచుకుంది.

కేసు పిలిచారు. పిచ్చియ్య తరఫు వకీలు లక్ష్మీకాంతం రోహిణీకార్తెలోనూ నల్లకోటు గుండీ విప్పని మనిషి.

“నీ మొగుడెవరమ్మా?” అన్నారు మేజిస్ట్రేటు గారు.

మస్తానమ్మ తల వంచుకుంది.

“చిత్తగించండి. పేరే తెలియదు,” అన్నాడు లక్ష్మీకాంతం. ఆయన్ని ఇంట్లో భార్య ‘వకీలుగారూ’ అనే పిలుస్తుంది. మేజిస్ట్రేటు గారు వాళ్ళావిడకు ‘పెద్దాడి నాన్న’. ఆ సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

మేజిస్ట్రేటు గారు కలం ఎత్తారు. అది డిస్మిస్ రాయటానికేనని గుమ్మంలోని చలమయ్యకు తెలుసు. మస్తానమ్మ వైపు గుడ్లురిమి చూశాడు. ఆమె పిల్ల ముఖం చూసింది. కళ్ళు మూసుకుంది.

“పిచ్చి...”

“ఏమే,” వకీలు వెనకనుంచి పిచ్చియ్య ముందుకు దూకాడు. “నలుగురిలో మొగుడి పేరు నోటితో అంటావటే? కళ్ళు నెత్తికెక్కినియ్యా? మీ అమ్మ నేర్పిన బుద్ధేనా ఇది?”

లక్ష్మీకాంతం కోటు పై గుండీ విప్పుకున్నాడు. మేజిస్ట్రేటు గారు ఆ మాటలన్నీ తీరిగ్గా రాసుకుని, “ఇంకేమైనా చెప్పేదుందా?” అని పిచ్చియ్యను మర్యాదగా అడిగారు. ఏమీ లేదన్నాడు.

తల్లికీ పిల్లకీ నెలనెలా మనోవర్తి ఇవ్వాలని తీర్పయింది.

“పూర్తిగా అన్లేదు గదా బాబాయ్,” అంది మస్తానమ్మ వసారాలోకి వచ్చి. “సగమే. దోషముండదుగా?”

“సగానికి లేదు,” అన్నాడు చలమయ్య, చట్టంలో అలాగే ఉన్నట్టు.

ఆమె చెంగు చాటునుంచి చిన్న మూట తీసి అతని బెంచీ మీద పెట్టింది. అతను వద్దనేలోపే పిల్లను చంకనేసుకుని బండ్లు ఆగేవైపు వెళ్ళిపోయింది.

చలమయ్య తర్వాతి కేసు పిలిచాడు. “చిన్నకోటయ్యా.” కొంచెం ఆగి, కొంచెం మెల్లగా, “చిన్నకోటయ్యా.”

మూడో కేక రాలేదు. అది రానిదే కేసు మొదలుపెట్టకూడదు గనక లోపల అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. చివరికి చిన్నకోటయ్యే గుమ్మంలోకి వచ్చి, బంట్రోతు స్తంభం కింద ఒరిగిపోయాడని చెప్పాడు.

నోరు కొద్దిగా తెరిచే ఉంది, పిలవబోతున్నట్టు. లక్ష్మీకాంతం వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. “ఒరేయ్” అన్నాడు. తర్వాత పక్కనున్న గుమాస్తాను గొంతు తగ్గించి అడిగాడు, “ఇతని పేరేమిటయ్యా?”

గుమాస్తా ఆలోచించాడు. “బంట్రోతండీ.”

కోటేశ్వరమ్మకు కబురు వెళ్ళింది. బెంచీ మీద, పాత గుడ్డపీలికలో కట్టిన గుప్పెడు ఎండుమిరపకాయలు ఇంకా ముడి విప్పకుండానే ఉన్నాయి.